చిన్న మాటల ఫ్రెంచి

ఫ్రాన్సులో రొట్టెల కొట్టుకి వెళ్లినవాళ్లు ముందు అక్కడి మనిషికి బోంజూర్, అంటే నమస్కారం, చెప్పాలి. కావలసింది అడగడం ఆ తర్వాతే. తలుపు తోసుకుని వెళ్లి నేరుగా 'ఒక బాగెత్ ఇవ్వండి' అంటే వాక్యంలో తప్పేమీ ఉండదు గాని మర్యాద తప్పినట్టవుతుంది. డాక్టరు దగ్గర వరస కోసం కూర్చునే గదిలోకి కొత్తగా వచ్చిన రోగి కూడా, అప్పటికే కూర్చున్న ముక్కూమొహం తెలియనివాళ్లందరికీ కలిపి ఒక బోంజూర్ చెప్పి కూర్చుంటాడు. కొట్టు నుంచి బయటికి వచ్చేటప్పుడు బొన్ జూర్నే, అంటే ఈ రోజు మీకు బాగా గడవాలని. సాయంత్రమైతే పలకరింపు బోంస్వార్‌గా మారుతుంది. ఒకే రోజు అదే మనిషి మళ్లీ ఎదురుపడితే రబోంజూర్ అనేవాళ్లు కూడా ఉన్నారు.

బోంజూర్‌కి అర్థం ఏ యాప్ అయినా మొదటి పాఠంలోనే చెప్పేస్తుంది. అది ఎవరికి, ఎప్పుడు, ఏ గొంతుతో చెప్పాలో, చెప్పకపోతే ఎదుటి మనిషి మాట ఎంత పొడిగా మారిపోతుందో మాత్రం చాలా పాఠాల్లో ఉండదు. నేను ఫ్రెంచి నేర్చుకుంటున్నది కాకినాడలో, మా ఇంట్లో, ఫోను ముందు పెట్టుకుని. ఉద్యోగం కోసం కాదు, పరీక్ష కోసం కాదు, ఆ భాష వినడమంటే ఇష్టం కనుక. ఇన్నాళ్లుగా వింటూ ఉంటే నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. రోజువారీ మాటలు జాబితాల్లోంచి రావు. మాటతో పాటు దాన్ని వాడిన మనిషి, చోటు, వేళ కూడా చెవిలో పడితేనే ఆ మాట మనదవుతుంది.

ఈ సంగతి ఫ్రెంచివాళ్లు డెబ్భై ఏళ్ల కిందటే కనిపెట్టారు. ఆ కథ నాకు ఎంతో ఇష్టం. 1950ల మొదట్లో జోర్జ్ గుగెనెం అనే భాషావేత్త, ఆయన తోటివారు కలిసి ఒక పని తలపెట్టారు. విదేశాల్లో, అప్పటి ఫ్రెంచి వలసల్లో ఫ్రెంచి నేర్చుకునేవాళ్లకు మొదట ఏ మాటలు నేర్పాలి అన్నది ప్రశ్న. అప్పటిదాకా ఇలాంటి జాబితాలు పుస్తకాలు తిరగేసి తయారుచేసేవారు. వీళ్లు పుస్తకాలు పక్కన పెట్టి, అప్పుడప్పుడే వాడుకలోకి వస్తున్న టేప్ రికార్డరు తీసుకుని మనుషుల దగ్గరకు వెళ్లారు. 275 మంది చేత మాట్లాడించారు. 163 సంభాషణల్లో మొత్తం 3,12,135 మాటలు పోగయ్యాయి. వాటిని కూర్చుని లెక్కపెట్టారు. కంప్యూటరు లేని రోజుల్లో ఆ లెక్క ఎంత ఓపికతో చేసిన పనో ఊహించుకోండి. అంత మాటల రాశిలో వేరు వేరు మాటలు ఎనిమిది వేలు కూడా లేవు. అందరికంటే పైన నిలిచినది 'ఉండు' అనే అర్థమిచ్చే ఎత్ర్ క్రియ. దాని వెనక కలిగి ఉండడాన్ని చెప్పే అవ్వార్. ఆ తర్వాత నేను, అతను, అది, కాదు వంటి చిన్న చిన్న మాటలు.

అసలు ఆశ్చర్యం అక్కడ కాదు. ప్రతి ఇంట్లో, ప్రతి పూటా చేతికి తగిలే వస్తువుల పేర్లు ఆ రికార్డుల్లో చాలా అరుదుగా దొరికాయి. ఫోర్కు లేని ఫ్రెంచి భోజనం ఉండదు. కానీ దాని గురించి మాట్లాడే అవసరం ఎన్నిసార్లు వస్తుంది? పడిపోతేనో, బల్లమీద ఒకటి తక్కువైతేనో తప్ప రాదు. అలాగని ఆ మాట రానివాడికి ఫ్రెంచి వచ్చినట్టూ కాదు. ఎన్నిసార్లు వాడతారన్న లెక్క ఒక్కటే చాలదని గుగెనెం బృందానికి అప్పుడు తెలిసింది. బడిపిల్లలకు కాగితాలిచ్చి ఒంటి భాగాలు, బట్టలు, వంటిల్లు, ఊరు లాంటి విషయాలు చెప్పి, గుర్తొచ్చిన మాటలన్నీ రాయమన్నారు. పెద్దగా పలక్కపోయినా అడగ్గానే నాలుక చివరికి వచ్చే ఈ మాటలకు 'అందుబాటు మాటలు' అన్న అర్థంలో పేరు పెట్టారు. రెండు రకాలనూ కలిపి, వడగట్టి, దాదాపు 1,500 మాటల ప్రాథమిక ఫ్రెంచి జాబితా తయారుచేశారు. భాషను కురచ చేస్తున్నారని కొందరు పెద్ద పండితులు మండిపడ్డారు. నా మట్టుకు ఆ జాబితా కంటే దాని వెనకనున్న చూపు గొప్పది. ఏ మాట ఎక్కడ బతుకుతుందో వాళ్లు జనాన్నే అడిగారు.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరికే 'అత్యవసరమైన వెయ్యి ఫ్రెంచి మాటలు' లాంటి జాబితాలన్నీ ఆ పనికి మనవలే. వాటిలో మాటలు మిగిలాయి గాని మాట్లాడిన మనుషులు మాయమయ్యారు. అట్టముక్కకు ఒక పక్క ఫ్రెంచి, రెండో పక్క అర్థం. వాటితో గుర్తుపెట్టుకోవడం సులువే, ఆ లాభాన్ని నేను కాదనను. అయితే ఇల్లు అన్న మాటను మేజోం అని ఒంటరిగా నేర్చుకుంటే చిక్కులో పడతాం. అది లా మేజోం, ఆడ లింగం. ఫ్రెంచిలో ప్రతి నామవాచకానికీ లింగం ఉంది, అది చాలాసార్లు అర్థాన్ని బట్టి తెలియదు. ముందు ఉండే చిన్న లా, ల కలుపుకుని నోరు తిరగాలి. ఆ చిన్న ముక్క వదిలేసిన జాబితా ఏదైనా సరే, ఎంత పేరున్నదైనా సరే, నేర్చుకునేవాడికి కీడే చేస్తుంది.

రాసే ఫ్రెంచికీ పలికే ఫ్రెంచికీ మధ్య దూరం తెలుగువాళ్లకు విప్పి చెప్పనక్కరలేదు. గ్రాంథిక, వ్యావహారిక వాదాలు చూసిన జాతి మనది. పుస్తకంలో 'నాకు తెలియదు' అంటే జ న సే పా. వీధిలో వినిపించేది షే పా. వ్యతిరేకార్థం చెప్పే న అనే ముక్క మామూలు సంభాషణలో దాదాపుగా జారిపోతుంది. పుస్తకంలో 'మనం' అంటే ను. నోట్లో మాత్రం ఓం అనే ఇంకో సర్వనామం ఆ చోటంతా ఆక్రమించింది. 'పదండి వెళ్దాం' అనడానికి ఓనీవా అంటారు. 'ఏమైంది' అని అడగడానికి కాగితం మీద పొడుగాటి వరస ఉంటుంది, చెవికి తగిలేది కెస్‌క్యా మాత్రమే. పాఠ్యపుస్తకం పూర్తిచేసినవాళ్లు కూడా ఫ్రెంచి సినిమా పెట్టుకోగానే ఒక్క ముక్క అర్థం కాలేదని దిగులుపడటానికి కారణం ఇదే. వాళ్లకు మాటలు తెలియక కాదు, ఆ మాటలు నోట్లో ఎలా కలిసిపోతాయో ఎవరూ వినిపించలేదు.

ఈ కలిసిపోవడం దగ్గరే తెలుగు చదువుకున్నవాళ్లకు ఒక వరం ఉంది. మనకు సంధి అంటే కొత్త కాదు. లే, అమీ విడివిడిగా ఉంటే ఆ రెండు ముక్కలే. కలిస్తే మధ్యలో జ వచ్చి లేజామీ అవుతుంది, స్నేహితులు. 'అతనికి ఉందా' అని అడిగేటప్పుడు ఆ, ఈల్ మాటల్లోని రెండు అచ్చుల మధ్య త అనే హల్లు కొత్తగా వచ్చి ఆతీల్ అవుతుంది. కరకుటమ్ము అని టుగాగమ సంధికి ఉదాహరణ చదువుకున్నవాళ్లకు ఇది ముందే తెలిసిన దారి.

ధ్వనుల్లో ఇంకో వరం ఉంది. ఫ్రెంచి త, ద అచ్చం మన త, దలే. నాలుక పళ్లకు తగులుతుంది. ఇంగ్లీషు అలవాటు మీద మనం వాటిని ట, డ చేసేస్తాం. ఫ్రెంచి ప, త, కల్లో ఇంగ్లీషులో లాగా గాలి ఎగజిమ్మదు, మన ప, త, కల్లాగే నిమ్మళంగా ఉంటాయి. కాబట్టి ఫ్రెంచి మాటను రోమను లిపిలో చూసి ఇంగ్లీషు నోటితో చదవడం మానేసి, విని తెలుగులో రాసుకోండి. నేను నోటుబుక్కులో అలాగే రాసుకుంటాను. ముక్కుతో పలికే అచ్చులకు అరసున్న వాడతాను. బోఁ, వేఁ, సాఁ. పాత పుస్తకాల్లో తప్ప కనబడని ఆ గుర్తు ఇక్కడ చక్కగా పనికొస్తుంది. ముఖ్యంగా ఒక అచ్చు మన లిపికి లొంగదు. పెదాలు ఊ అన్నట్టు గుండ్రంగా పెట్టి, లోపల ఈ పలకాలి. 'నువ్వు' అనే త్యులో వచ్చేది అదే. దానికి రాత చాలదు, చెవి కావాలి. అందుకు ఫోర్వో లాంటి చోట్ల ఒకే మాటను ఆ దేశపు మనుషులు పలికి పెట్టారు. ఒక మాటను ముగ్గురు నలుగురి గొంతుల్లో వినగలగడం నా చిన్నప్పుడు ఏ పెద్ద కాలేజీ విద్యార్థికీ అందని భాగ్యం.

నువ్వు, మీరు తేడా మనకు పుట్టుకతో వచ్చింది. వాళ్లకూ ఉంది, త్యు, వు. అంతేకాదు, 'ఏకవచనంలో పిలవడం' అని మనం అన్నట్టే త్యుతో మాట్లాడడాన్ని త్యుత్వాయే అని, వుతో మాట్లాడడాన్ని వువ్వాయే అని క్రియలు చేసుకున్నారు. 'మనం ఏకవచనంలో మాట్లాడుకుందామా' అని ఒకరినొకరు అడిగి మార్చుకుంటారు. ఆ అడగడంలో ఉన్న మన్నన నాకు నచ్చుతుంది. ఆఫీసుల్లో ఇప్పుడు త్యు త్వరగా వచ్చేస్తుంది. కొట్టులో, బ్యాంకులో, కొత్త మనిషితో మాత్రం వు తప్పనిసరి. మీరు అనవలసిన చోట మీరు అని మొదలుపెట్టినవాడికి ఏ దేశంలోనూ నష్టం రాదు. కావాలి అనేటప్పుడు కూడా జ వ్యో అని కాకుండా జ వుద్రే అంటారు. మన 'కావాలి' కీ 'ఇస్తారా అండీ' కీ ఉన్న తేడా అది.

అంకెల దగ్గర అందరూ తడబడతారు. ఫ్రాన్సులో డెబ్భైకి వేరే మాట లేదు, అరవై పది అంటారు. ఎనభై అంటే నాలుగు ఇరవైలు. తొంభై ఏడు అంటే నాలుగు ఇరవైల పదిహేడు, కాత్ర్ వేం దీసెత్. ఫోను నంబరు రెండేసి అంకెలు జతచేసి చెబుతారు కనుక, కాత్ర్ వేం అని వినబడగానే రాసేయకుండా తర్వాత ఏమొస్తుందో ఆగి వినాలి. బెల్జియంలో, స్విట్జర్లాండులో డెబ్భైకి సెప్తాంత్, తొంభైకి నోనాంత్ అని సూటి మాటలు ఉన్నాయి. స్విట్జర్లాండులో కొన్ని చోట్ల ఎనభైకి కూడా ఉయితాంత్ అని ఒక మాట ఉంది. ఇవి నాకు ఎంతో సబబుగా తోస్తాయి. కానీ పారిస్ చెవికి అవి పొరుగూరి మాటలు.

జాతీయాలంటే నేర్చుకునేవాళ్లకు మోజు ఎక్కువ. వస్తానని చెప్పి రాకపోవడాన్ని 'కుందేలును పెట్టడం' అంటారు. మూర్ఛపోతే 'ఆపిల్ పళ్లలో పడ్డాడు' అంటారు. జోరున వాన కురిస్తే తాళ్లు కురుస్తున్నాయంటారు. సరదాగా ఉంటాయి, గుర్తుంటాయి. అయితే వీటి అవసరం తక్కువ. రోజుకు పదిసార్లు వినబడేవి వేరే. కు అనే ఒక్క మాట చూడండి. అసలు అర్థం దెబ్బ. కు ద మేం అంటే చేతి సాయం. కు ద ఫీల్ అంటే ఫోను చేయడం. కు దోయ్ అంటే ఒకసారి అలా చూడడం. తొలిచూపులో కలిగే ప్రేమ కు ద ఫూద్ర్, పిడుగుపాటు. ఇక ద్యు కు అంటే 'అందుకని'. యువకుల మాటల్లో ఇది ఎంతగా దొర్లుతుందంటే, పెద్దలు విసుక్కుంటారు. ఫ్రెంచి అకాడమీ తన వెబ్‌సైటులో 'ఇలా అనండి, ఇలా అనకండి' అన్న తరహాలో నడిపే శీర్షికలో దీని మీద హెచ్చరిక కూడా ఉంది. అయినా ఆ ఒక్క మాట పట్టుకుంటే సంభాషణ సగం దారికి వస్తుంది. బోఫ్ అంటే పెద్దగా బాగోలేదని. కాం మెమ్ అంటే సందర్భాన్ని బట్టి అయినా, ఎంతైనా, మరీను. 'ఎంతైనా తమ్ముడు కదా' అన్నప్పటి ఎంతైనాలో ఎంత బరువుందో దానిలోనూ అంతే ఉంది.

బోం అనే విశేషణం దీనికంటే ముద్దు వస్తుంది. తినబోయేవాడికి, ప్రయాణం వెళ్లేవాడికి, జబ్బు నుంచి కోలుకునేవాడికి, ఒక్కొక్కరికీ ఒక్కొక్క శుభాకాంక్ష ఉంది. కష్టమైన పనికి పోతున్న మనిషికి బోం కురాజ్ అంటారు, ధైర్యంగా ఉండు అని. పరీక్షకు, సోమవారం ఉదయం పనికి, పెళ్లింట్లో గిన్నెలు కడగడానికి, అన్నిటికీ ఇదే. ఎదుటి మనిషి పడే శ్రమను చూసి ఒక మాట అనిపోయే ఈ అలవాటు నాకు చాలా మంచిదనిపిస్తుంది.

మా చెల్లెలి కూతురు కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్ రాష్ట్రంలోని మాంట్రియల్‌లో ఉంటుంది. కెనడా ప్రభుత్వం 2023 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే వలస పద్ధతిలో ఫ్రెంచి వచ్చినవాళ్లను విడిగా పిలవడం మొదలుపెట్టాక, ఆ దేశంలోని మన పిల్లలు చాలామంది ఆ దారి పట్టారు. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగింటిలోనూ ఏడో స్థాయి రావాలి. ఆ పిల్ల ఒకనాడు ఫోనులో చెప్పింది: "పెద్దమ్మా, క్లాసులో మెర్సి అంటే, అదే థాంక్స్ అంటే, జవాబుగా ద రియేం అనాలని నేర్పారు. ఇక్కడ కొట్టులో ఆవిడేమో బియాంవ్‌న్యు అంటోంది. అది స్వాగతం కదా!" క్యుబెక్‌లో అది 'పర్లేదండీ' అని. అక్కడ భోజనాల పేర్లు కూడా వేరు. ఫ్రాన్సులో మధ్యాహ్నం భోజనం దేజనే, రాత్రిది దీనే. క్యుబెక్‌లో దేజనే ఉదయానిది, దీనే మధ్యాహ్నానిది, రాత్రిది సుపే. భోజనానికి రమ్మని పిలిచినవాళ్లు ఏ దేశంవాళ్లో చూసుకుని బయల్దేరాలి. ఈ తేడా కళ్లారా చూడాలంటే 'అం గా, యున్ ఫీయ్' అనే హాస్య ధారావాహిక ఉంది. 1997లో క్యుబెక్‌లో మొదలైంది, 1999లో ఫ్రాన్సు అదే పేరుతో తనది తాను తీసుకుంది. ఒక జంట, వాళ్ల రోజువారీ కీచులాటలు, నిమిషాల్లో అయిపోయే ముక్కలు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఒకే భాష రెండు నేలల మీద ఎలా పెరిగిందో చెవికే తెలుస్తుంది.

మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే చోటు. ఫ్రాన్సు అంతర్జాతీయ రేడియో ఆర్‌ఎఫ్‌ఐ, తేలిక ఫ్రెంచిలో పది నిమిషాల వార్తలు ఇస్తుంది. కష్టమైన మాట రాగానే చదివేవారే ఆగి దాన్ని విప్పి చెబుతారు. చదివినదంతా అక్షరాల్లో కూడా పెడతారు. రూపాయి ఖర్చు లేదు. ముందు వినండి, మళ్లీ వినండి, ఆ తర్వాతే రాత చూడండి. రాత ముందు చూస్తే చెవి బద్ధకిస్తుంది. అది అలవాటయ్యాక ఇంటి మాటలకు 'దీ పూర్ సాం' లాంటి ధారావాహికలు పెట్టుకోవచ్చు. సినిమా తారల ఏజెంట్ల ఆఫీసులో జరిగే కథ అది. ఫోనుల్లో కోప్పడడం, బతిమాలడం, తప్పించుకోవడం, క్షమాపణ అడగడం అన్నీ దొరుకుతాయి. కింద తెరరాత ఫ్రెంచిలోనే పెట్టుకోండి. ఇంగ్లీషులో పెట్టుకుంటే గంటసేపు ఇంగ్లీషు చదివినట్టే. ఆ పైన ఎవరో ఒక మనిషితో మాట్లాడాలి, వారానికి ఒక్కసారైనా. వినడం ఎంత చేసినా నోరు కదపనిదే ఆ మాటలు నిలవవు.

ఫ్రెంచి మన గడపకు కొత్త కాదు. పరాసులు అన్నది వాళ్లకు మన పెద్దలు పెట్టిన పేరు, బందరులో పరాసుపేట ఇంకా ఉంది. హైదరాబాదు మూసారాంబాగ్ పేరులో నిజాం కొలువులో పనిచేసి 1798లో చనిపోయిన రేమో అనే ఫ్రెంచి సేనాపతి దాగి ఉన్నాడు. మా ఊరి నుంచి బస్సెక్కితే గంటలోపే యానాం, 1954 దాకా అక్కడ ఫ్రెంచి జెండా ఎగిరింది. అప్పుడు ఆ భాష అధికారంతో వచ్చింది. ఇప్పుడు ఎవరి బలవంతమూ లేకుండా, కోరినవాడి చెవిలోకి వస్తోంది.

వింటున్నకొద్దీ నాకు మన భాష మీద ఒక కోరిక బలపడింది. టొరంటోలోనో డాలస్‌లోనో పెరిగే తెలుగు పిల్ల రోజువారీ తెలుగు నేర్చుకోవాలనుకుంటే ఏం దొరుకుతుంది? అక్షరమాల, పళ్ల పేర్లు, రంగుల పేర్లు. 'అబ్బే', 'పోనీలే', 'అదికాదు గానీ', 'ఏమో మరి' ఎక్కడ దొరుకుతాయి? మనుషుల దగ్గరకు వెళ్లి మాటలు సేకరించడం మనకు రాని విద్య కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో ఊరూరా తిరిగి రైతుల, నేతగాళ్ల మాటలు పోగుచేసి 1962లో వ్యవసాయ పదకోశం, 1971లో చేనేత పదకోశం తెచ్చుకున్నాం. ఇవాళ ప్రతి చేతిలోనూ రికార్డరు ఉంది. శ్రీకాకుళం సంతలో, కడప బస్టాండులో, కరీంనగర్ హోటల్లో, యానాం రేవులో జనం మాట్లాడుకునే తెలుగును వాళ్ల అనుమతితో రికార్డు చేసి, ఉన్నది ఉన్నట్టు అక్షరాల్లో పెట్టి, ఎవరైనా ఉచితంగా వినేలా ఉంచాలి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, ఓపిక ఉన్న కుర్రకారు, దూరదేశాల తెలుగు సంఘాలు ఈ పని చేతుల్లోకి తీసుకోవాలని నా వేడుకోలు. మీ ఇంట్లో తొంభై ఏళ్ల అమ్మమ్మ ఉంటే ఆమెతోనే మొదలుపెట్టండి.